రివాల్వరా, పిస్టలా? బాబాయ్ ప్రశ్నకి ఒక మెకానికల్ జవాబు

రివాల్వర్‌కీ పిస్టల్‌కీ తేడా ఏంటని మన క్లాసులో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: డ్రమ్ము గుండ్రంగా తిరిగేది రివాల్వర్, పైన పట్టుకుని వెనక్కి లాగితే టక్కుమనేది పిస్టల్. మన జ్ఞానమంతా థియేటర్లో సంపాదించిందే కాబట్టి అంతకంటే ఎక్కువ ఆశించకూడదు. నిజానికి ఈ రెండూ కైనమాటిక్స్ సబ్జెక్టుకి భలే ఉదాహరణలు. రాచెట్, పాల్, క్యామ్, స్ప్రింగ్ అంటూ పరీక్షకి రెండ్రోజుల ముందు మనం బట్టీ పట్టేవన్నీ అరచేతిలో పట్టేంత చోట్లో సర్దుకుని కూర్చుంటాయి.

నేను దీని మీద పడింది మాత్రం సబ్జెక్టు మీద ప్రేమతో కాదు. మా బాబాయ్ వల్ల.

బాబాయ్‌ది కొత్తపేట వైపు చిన్న వెండి బంగారం దుకాణం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన ఎన్ని నగల షాపులున్నాయో ఒకసారి లెక్కపెట్టడం మొదలుపెట్టి, చైతన్యపురి దాటకముందే వదిలేశాను. పెద్ద షోరూముల వాళ్ళకి గేటు దగ్గర గార్డులుంటారు. బాబాయ్ లాంటి వాళ్ళకి ఉండేది ఒక షట్టరు, ఒక సీసీ కెమెరా, గోడ మీద లక్ష్మీదేవి పటం. 2022 డిసెంబర్ 1 రాత్రి నాగోలు స్నేహపురి కాలనీలో ఒక నగల దుకాణంలోకి దొంగలు తుపాకులతో చొరబడి, కాల్పులు జరిపి, బంగారం సంచీతో పారిపోయారు. ఇద్దరికి తూటా గాయాలయ్యాయి. ఆ తర్వాత కొన్నాళ్ళ పాటు మా బాబాయ్ దుకాణం లైన్లో వేరే ముచ్చటే లేదు. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నరా. నువ్వు మెకానికల్ చదువుతున్నవ్ గదా, రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా చెప్పు" అన్నాడు. స్కూటీ కొనేటప్పుడు యాక్టివానా జూపిటరా అని అడిగాడు చూడండి, అచ్చం అట్లాగే.

ముందే చెప్పేస్తున్నా, నేను తుపాకీ పేల్చింది ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు. అంతే నా అనుభవం. కానీ మెషీన్ ఎట్లా పనిచేస్తుందో చదివి అర్థం చేసుకోవడానికి పేల్చనక్కర్లేదు కదా.

రివాల్వర్‌తో మొదలుపెడతాను. ఐదారు గదులున్న ఉక్కు డ్రమ్ము ఒకటి ఉంటుంది, దాన్నే సిలిండర్ అంటారు. ఒక్కో గదిలో ఒక్కో తూటా. డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ నొక్కుతుంటే లోపలున్న పాల్ రాచెట్ పన్నుని నెట్టి డ్రమ్మును ఒక గది మేర తిప్పుతుంది. కింది నుంచి చిన్న గొళ్ళెం లేచి, ఆ గది బ్యారెల్‌కి సూటిగా వచ్చాక డ్రమ్మును కదలకుండా పట్టేస్తుంది. ఈలోగా వెనకున్న సుత్తి పైకి లేచి, చివర్లో జారి, తూటా వెనక కొడుతుంది. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఈ పనులన్నిటికీ కావాల్సిన శక్తి మొత్తం మన వేలిదే. అందుకే డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. దాదాపు 4.5 నుంచి 5.5 కిలోల ఒత్తిడి కావాలి. ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్‌ని చూపుడు వేలికి తగిలించుకుని పైకెత్తి చూడండి, తెలుస్తుంది. సుత్తిని ముందే బొటనవేలితో వెనక్కి లాగి పెట్టుకుంటే మాత్రం ట్రిగ్గర్‌కి మిగిలేది దాన్ని వదిలేసే పని ఒక్కటే, ఒకటిన్నర రెండు కిలోలు చాలు. 1836లో శామ్యూల్ కోల్ట్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నది ఈ బొటనవేలి పద్ధతికే. వేలితోనే అన్నీ జరిగే పద్ధతి తర్వాత వచ్చింది.

పిస్టల్ తెలివి వేరు. అది పేలిన తూటా శక్తిలోంచి కొంత దొంగిలించి తన పనికి వాడుకుంటుంది. పిడిలో ఉన్న మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని మీద ఒకటి స్ప్రింగ్ మీద నిలబడి ఉంటాయి. తూటా పేలగానే పైనున్న స్లైడ్ వెనక్కి తన్నుకొస్తుంది. వస్తూ వస్తూ ఖాళీ తొడుగుని బయటికి విసిరేస్తుంది. మళ్ళీ స్ప్రింగ్ తోస్తే ముందుకెళ్తూ మ్యాగజైన్ పైనున్న తూటాని తీసుకెళ్ళి బ్యారెల్ వెనకున్న చాంబర్లో కూర్చోబెడుతుంది. ఇదంతా మనం కన్ను ఆర్పేలోపే. .32 లాంటి చిన్న తూటాలకి స్లైడ్ బరువూ స్ప్రింగూ చాలు, ఒత్తిడి తగ్గేదాకా తలుపు మూసి ఉంచడానికి. పెద్ద తూటాలకి అది చాలదు కాబట్టి బ్యారెల్‌నీ స్లైడ్‌నీ కాసేపు కలిపి లాక్ చేసి, తర్వాత బ్యారెల్ కొంచెం కిందికి వంగి విడిపోయే ఏర్పాటు జాన్ బ్రౌనింగ్ చేశాడు. ఈరోజు ప్రపంచంలో ఉన్న పిస్టళ్ళలో చాలావాటికి ఆయన ఆలోచనే ఆధారం.

వేలికి పని తగ్గింది, తూటాలు ఎక్కువ పట్టాయి, చేతిలో పలుచగా ఉంది, మరి పిస్టలే కదా మంచిది? యూట్యూబ్‌లో సగం మంది అదే అంటారు. కానీ దొంగిలించిన శక్తితో నడిచే మెషీన్‌కి ఒక షరతు ఉంది: వెనకున్న చెయ్యి గట్టిగా నిలబడాలి. మణికట్టు వదులైతే స్లైడ్‌తో పాటు పిస్టల్ మొత్తం వెనక్కి కదిలిపోయి, స్లైడ్ తన దారి పూర్తి చేయకుండానే ఆగిపోయి, తొడుగు మధ్యలో ఇరుక్కుంటుంది. తూటా పేలకపోయినా అంతే, రెండో చేత్తో స్లైడ్ లాగి దాన్ని బయటికి పడేయాలి. ఇది రోజూ సాధన చేసేవాడికి అర సెకను పని. ఏడాదికోసారి బీరువాలోంచి తీసేవాడికి చెమటలు పట్టే పని. రివాల్వర్‌లో అయితే తూటా తుస్సుమంటే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కడమే, పక్క గది వస్తుంది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. రివాల్వర్ మొరాయించడం అరుదే గానీ, నిజంగా పట్టేసిందంటే అక్కడికక్కడ అయ్యేది కాదు, దుకాణానికి పట్టుకెళ్ళాల్సిందే.

పిస్టల్‌తో ఇంకో చిక్కుంది, ప్రాణాలు తీసే చిక్కు. మ్యాగజైన్ తీసేయగానే మనసు 'ఖాళీ అయిపోయింది' అనుకుంటుంది. కాదు. ముందే చాంబర్లోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది, బయటికి కనిపించదు. రివాల్వర్ డ్రమ్ము తెరిస్తే ఆరు గదులూ ఆరు కళ్ళలా ఎదురుగా కనిపిస్తాయి. ఉందా లేదా అన్నది ఊహించాల్సిన పనిలేదు.

నాకు ఈ విషయమంతా ఒక్క ప్రశ్నగా అర్థమైంది: 'పేలాలా వద్దా' అన్న చివరి నిర్ణయాన్ని డిజైనర్ ఎక్కడ పెట్టాడు? రివాల్వర్ దాన్ని బరువైన, పొడవైన ట్రిగ్గర్‌లో పెట్టింది. పాతకాలపు పిస్టళ్ళు బొటనవేలి కింద ఒక సేఫ్టీ మీటలో పెట్టాయి. ఆ మీట తీయడం గుర్తుండాలి, తీశాక మళ్ళీ పెట్టడం కూడా గుర్తుండాలి. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ మీటే తీసేసింది. లోపల మూడు సేఫ్టీలుంటాయి గానీ అవన్నీ కింద పడినప్పుడు పేలకుండా, వేలు పడనంతవరకు కదలకుండా చూసేవి. వేలు పడిందా, మూడూ తప్పుకుంటాయి. అంటే నిర్ణయం మొత్తం మనిషి క్రమశిక్షణలో పెట్టారు. 1990లలో న్యూయార్క్ పోలీసులు రివాల్వర్ల నుంచి పిస్టళ్ళకి మారుతున్నప్పుడు తమ గ్లాక్‌లకి కావాలనే దాదాపు 12 పౌండ్ల, అంటే 5.4 కిలోల ట్రిగ్గర్ పెట్టించుకున్నారు. శిక్షణ పొందిన పోలీసులే వేలి మీద అంత నమ్మకం పెట్టుకోలేదంటే, కొత్తపేటలో గల్లాపెట్టె ముందు కూర్చునే మా బాబాయ్ సంగతేంటి?

అయినా బాబాయ్‌కి గ్లాక్ ప్రశ్నే లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 9 ఎం.ఎం. పిస్టల్ మామూలు పౌరులకి నిషిద్ధ బోరు. .38 రివాల్వర్ కూడా అంతే. విదేశీ తుపాకుల దిగుమతి కూడా 1980ల మధ్య నుంచి మామూలు జనానికి బంద్. కాబట్టి లైసెన్స్ వచ్చినా చేతికి అందేవి ఎక్కువగా .32 బోరువి, అందులోనూ ఎక్కువ ప్రభుత్వ ఫ్యాక్టరీలవి. పాత .32 రివాల్వర్ వెబ్లీ పద్ధతిలో నడుము విరిచి తెరిచేది. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ వాళ్ళు 'నిర్భీక్' అని టైటానియం మిశ్రలోహంతో 500 గ్రాముల రివాల్వర్ తెచ్చారు. 2023 ఆగస్టులో అదే కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ 'ప్రబల్' విడుదల చేసింది. దానికి డ్రమ్ము పక్కకి తెరుచుకుంటుంది, బరువు దాదాపు 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు. పిస్టల్ కావాలంటే 'అశని' ఉంది, అదీ .32.

ఇక్కడ పేరు చూసి మోసపోకండి. రివాల్వర్ మీదా .32 అనే ఉంటుంది, పిస్టల్ మీదా .32 అనే ఉంటుంది, తూటాలు మాత్రం వేరు వేరు. రివాల్వర్‌ది పొడవైన తొడుగు, 23 మిల్లీమీటర్లు. డ్రమ్ములో జారిపోకుండా అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది. పిస్టల్‌ది 17 మిల్లీమీటర్ల పొట్టి తొడుగు, మ్యాగజైన్లో సాఫీగా కదలడానికి అంచు దాదాపు లేనట్టే. దానిది పెట్టి దీన్ని పేల్చాలని చూడకూడదు.

శక్తి లెక్క మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. పిస్టల్ .32 తూటా దాదాపు 4.6 గ్రాములు, సెకనుకి 275 మీటర్లు. అర ఎం వీ స్క్వేర్ వేయండి, 174 జౌళ్ళు. రివాల్వర్‌ది బరువెక్కువ, వేగం తక్కువ: 6.35 గ్రాములు, 215 మీటర్లు, 147 జౌళ్ళు. అదే 9 ఎం.ఎం. అయితే 480 దాకా వెళ్తుంది. ఇప్పుడు సరూర్‌నగర్ స్టేడియంలో 160 గ్రాముల క్రికెట్ బంతిని ఒకడు గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేశాడనుకుందాం. 121 జౌళ్ళు! శక్తి దాదాపు సమానమే అయినా బంతి నొప్పి పుట్టిస్తుంది, తూటా లోపలికి దిగుతుంది. అరచేయంత వెడల్పుకీ ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పుకీ ఉన్న తేడా అది. ఇందులో బాబాయ్‌కి పనికొచ్చే ముక్కేంటంటే, .32 తగలగానే మనిషి సినిమాలోలా ఎగిరి వెనక్కి పడడు. తగిలినా కాసేపు పరిగెత్తగలడు, కత్తి విసరగలడు, తిరిగి కాల్చగలడు.

బరువు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ముందుకెళ్ళిన ద్రవ్యవేగం ఎంతో తుపాకీ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి తంతుంది. గ్యాస్ లెక్క పక్కనపెడితే, రివాల్వర్ తూటాది సుమారు 1.37 కిలోగ్రాం-మీటర్/సెకను. 700 గ్రాముల ప్రబల్ సెకనుకి 1.95 మీటర్ల వేగంతో వెనక్కొస్తే, 500 గ్రాముల నిర్భీక్ 2.7 మీటర్ల వేగంతో వస్తుంది. నిర్భీక్‌ని ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆ పేరుతోనే, మహిళల హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేలా తేలిక తుపాకీ అని ప్రచారం చేశారు. 2014లో ధర 1,22,360 రూపాయలు. తేలికైనదే చెయ్యికి ఎక్కువ తంతుందన్న న్యూటన్ సూత్రం ఆ ప్రచారంలో ఎక్కడా కనిపించలేదు. మొదటి తూటా తర్వాత రెండోదానికి గురి కుదరడం తేలిక తుపాకీతోనే కష్టం. ధర సంగతి చెప్పనక్కర్లేదు, ఆ డబ్బుతో మన హాస్టల్ ఫీజు ఏడాదంతా కట్టేయొచ్చు.

డిజైన్ గురించి ఇంతా చదివాక నాకు అసలు అనుమానం మొదలైంది. తుపాకీ ఏదైనా సరే, దాన్ని తీసే టైమ్ ఎవరిస్తారు?

1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ ఒక వ్యాసం రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని లెక్క కట్టి చూపించాడు. నడుముకున్న తుపాకీ తీసి ఒక్క తూటా గురిగా కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకి పట్టే సమయం కూడా అంతే. ఇప్పుడు మా బాబాయ్ దుకాణం చూడండి. గుమ్మం నుంచి కౌంటరు దాకా పది అడుగులు. మా హాస్టల్ సందు అయితే రెండు బైకులు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిందే. దిల్‌సుఖ్‌నగర్‌లో 21 అడుగుల ఖాళీ ఎక్కడైనా దొరికితే అక్కడ ఎవరో ఒకరు పానీపూరీ బండి పెట్టేస్తారు.

పైగా దాడి చేసేవాడు టైమ్ తనే ఎంచుకుంటాడు. 2025 జూలై 15 పొద్దున మలక్‌పేట శాలివాహన నగర్ పార్కు దగ్గర, వాకింగ్‌కి వచ్చిన సీపీఐ నాయకుడొకర్ని కారులో వచ్చినవాళ్ళు కాల్చి చంపారు. ముందు కళ్ళల్లో కారం కొట్టారు, తర్వాత కాల్చారు. ఆయన జేబులో రివాల్వర్ ఉన్నా, పిస్టల్ ఉన్నా, కళ్ళు మండుతున్న మనిషి ఏం చేయగలడు? దిల్‌సుఖ్‌నగర్‌కి అది ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు, మన ఫ్రెండ్స్ ఎంతమందో ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు. నాగోలులోనూ తుపాకులు ముందే చేతిలో పట్టుకుని వచ్చినవాళ్ళ ముందు, డ్రాయర్‌లో ఉన్న తుపాకీ ఏ డిజైన్‌దైనా ఒకటే.

సరే, టైమ్ దొరికింది, తీశాడు, కాల్చాడు. తర్వాత? ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 2024 జూలై 1కి ముందు ఐపీసీలో 96 నుంచి 106. ప్రాణం పోతుందన్న, తీవ్రంగా గాయపడతామన్న సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా ఆ హక్కు వెళ్తుంది. దోపిడీ విషయంలోనూ అంతే. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు. మెడలో గొలుసు తెంపుకుని బైకు మీద పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది రక్షణ కాదు, శిక్ష. శిక్షించే పని మనది కాదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు సూత్రాలన్నీ ఒకచోట పేర్చింది. ప్రాణభయంలో ఉన్నవాడు ఎన్ని దెబ్బలు కొట్టాలో బంగారు త్రాసులో తూచినట్టు తూచలేడని అందులో ఒప్పుకుంది కూడా. బాబాయ్‌కి ఈ మాట భలే నచ్చింది. "త్రాసు నా దగ్గరుంది గద" అన్నాడు. కానీ తూచలేదని కోర్టు ఒప్పుకోవడానికి ముందు అరెస్టు, బెయిలు, ఏళ్ళ తరబడి వాయిదాలు ఉంటాయని వాళ్ళ అసోసియేషన్ లాయరు గారు చెప్పారట. ఆ రోజు నవ్వు తగ్గింది.

లైసెన్స్ దారి కూడా చిన్నది కాదు. కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనరే ఇవ్వాలి. 21 ఏళ్ళు నిండాలి, అంటే మన సెకండియర్, థర్డియర్ హీరోలందరూ అక్కడే ఔట్. 2016 నిబంధనల ప్రకారం తుపాకీ వాడే శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలి, ఇంట్లో ఎక్కడ భద్రపరుస్తావో హామీ ఇవ్వాలి. ప్రాణభయం నిజమేనా అని పోలీసులు విచారిస్తారు. ఎన్నికలు వస్తే పోలీసులు అడిగినప్పుడు స్టేషన్లో అప్పగించాలి. ఇక 'ఇదంతా ఎందుకన్నా, బీహార్ మాల్ పది ఇరవై వేలకి దొరుకుద్దంట' అనే మేధావులు ప్రతి హాస్టల్‌లోనూ ఒకడుంటాడు. లైసెన్స్ లేని తుపాకీ దొరికితే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు, ఐదేళ్ళ దాకా జైలు. మెకానికల్ వాడిగా నా అభ్యంతరం ఇంకోటి: ఏ ఉక్కో తెలియదు, ఏ హీట్ ట్రీట్‌మెంటూ లేదు, ఒత్తిడి పరీక్ష ఎవరూ చేయలేదు. అట్లాంటి గొట్టాన్ని ముఖానికి మూరెడు దూరంలో పేల్చడానికి ధైర్యం కాదు, ఇంకేదో కావాలి.

నేను ఎక్కువ ఆలోచించింది మాత్రం దొంగ వచ్చే రోజు గురించి కాదు, రాని మిగతా 364 రోజుల గురించి. బాబాయ్ ఇంట్లో పిన్ని ఉంది, ఎనిమిదో క్లాసు, నాలుగో క్లాసు చదివే పిల్లలిద్దరున్నారు. తుపాకీని తాళం వేసి, తూటాలు వేరే చోట పెడితే అవసరానికి అందదు. లోడు చేసి దిండు కింద పెడితే పిల్లలకి అందుతుంది. ఈ రెండిటి మధ్య మూడో దారి ఏ డిజైనరూ కనిపెట్టలేదు. డబుల్ యాక్షన్ రివాల్వర్ ట్రిగ్గర్ బరువు ఇక్కడ కొంత కాపాడుతుందన్నది నిజమే. కానీ అది పిల్లల తాళం కాదు. రెండు చేతుల వేళ్ళు కలిపి నొక్కొచ్చు, బొటనవేలితో సుత్తి లాగితే ఐదు కిలోలు కాస్తా రెండు కిలోలవుతాయి. పెద్దవాళ్ళ సంగతి ఇంకా చేదు. ఇళ్ళల్లో తుపాకులు మామూలైన అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ర్యాంకులు, బ్యాక్‌లాగులు, ఒంటరి గదులు ఉన్న మన ఏరియాలో, ఒక చెడ్డ రాత్రి ఒక చెడ్డ నిమిషం గడిచిపోవడానికి చేతికి ఏదీ అందకపోవడమే చాలాసార్లు కారణమవుతుంది.

అందుకే బాబాయ్‌కి చెప్పాను: "నిజంగా తీసుకోవాల్సే వస్తే డబుల్ యాక్షన్ రివాల్వర్, బరువున్నది, డ్రమ్ము పక్కకి తెరుచుకునేది తీసుకో. పిస్టల్ వద్దు. నువ్వు ప్రతి నెలా రేంజికి పోయి సాధన చేసేవాడివి కాదు. కానీ నన్నడిగితే ఆ లక్ష రూపాయలు గుమ్మానికి పెట్టు." ఈ రెండో సలహా మొదటిదానికంటే బాగా పనిచేసింది. లోపలి నుంచి బజర్ నొక్కితేనే తెరుచుకునే గ్రిల్ తలుపు, కౌంటరు కింద కాలితో నొక్కే అలారం పెట్టించాడు. సరుకు ఇచ్చేవాళ్ళు చీకటి పడ్డాక రావద్దని చెప్పేశాడు. లైసెన్స్ ఫారం తెచ్చిపెట్టుకున్నాడు, ఇంకా నింపలేదు. నింపుతాడో లేదో ఆయన ఇష్టం. భయం ఆయనది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

మన క్లాసు అమ్మాయిలు ఇది డ్రాఫ్టుగా చదివి, "మాకేం చెప్పావ్ మరి?" అని అడిగారు. పెప్పర్ స్ప్రేకి లైసెన్స్ అక్కర్లేదు. 2019 డిసెంబర్ నుంచి మన మెట్రోలో మహిళలు తీసుకెళ్ళడానికి అనుమతి కూడా ఉంది. అందులోనూ డిజైన్ తేడాలున్నాయి: సన్నటి ధారగా కొట్టేది గాలికి తక్కువ చెదురుతుంది, పొగమంచులా కొట్టేది గురి తప్పినా పనిచేస్తుంది గానీ ఎదురుగాలిలో మన కళ్ళకే వస్తుంది. ఎల్బీనగర్ మెట్రో మెట్ల మీద గాలి ఎట్లా కొడుతుందో మీకు తెలుసు. బ్యాగు అడుగున కాదు, చేతికందేచోట పెట్టుకోండి. ఎక్స్‌పైరీ తేదీ చూడండి.

ఎంఎస్‌కి వెళ్ళే సీనియర్లకి ఒక ముఖ్యమైన మాట. అక్కడ సూపర్ మార్కెట్లో తుపాకీ దొరుకుతుందని విని ఊరించుకోకండి. ఎఫ్-1 లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. చాలామంది ఆ సందులోంచే కొంటారు. 2024 నవంబర్‌లో మన ఉప్పల్ కుర్రాడొకడు అట్లాంటాలో, కొత్తగా కొన్న వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి, తన పుట్టినరోజునే చనిపోయాడు. 23 ఏళ్ళు. శుభ్రం చేసేముందు మ్యాగజైన్ తీయడం ఒక్కటే కాదు, చాంబర్ తెరిచి, కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూడాలి.

ఇంత చదివాక కూడా ఆ మెషీన్ మీద ఇష్టం పోనివాళ్ళు ఉంటారు. నాక్కూడా పోలేదు. అట్లాంటివాళ్ళకి మన ఊళ్ళోనే మంచి దారి ఉంది. గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర షూటింగ్ రేంజి ఉంది. ఒలింపిక్ పతకం తెచ్చిన గగన్ నారంగ్, ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్ ఇద్దరూ హైదరాబాద్ వాళ్ళే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పేలేది మందు కాదు, గాలి. 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు. ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములుంటే చాలు. ఆత్మరక్షణ రివాల్వర్‌కి పది వంతుల్లో ఒక వంతు! అంత తేలిక ట్రిగ్గర్ ఎట్లా ఇస్తారంటే, మిగతా జాగ్రత్తంతా రేంజి నియమాల్లో పెట్టారు కాబట్టి. షూటర్ పిస్టల్ కింద పెట్టేముందు బ్యారెల్లోకి రంగు ప్లాస్టిక్ దారం ఒకటి దూర్చి, దాని కొస బయటికి వేలాడేలా ఉంచాలి. అవతలి గోడ దగ్గర కూర్చున్నవాడికి కూడా అది కనిపించాలి.